ఇది నాదే

ఎర్రమిట్టలో "టీ తాగావా?" అని ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. ముందు హెల్మెట్ ఎడమ మూలకి చూస్తారు. అక్కడ చిన్న పచ్చదీపం వెలిగితే అడిగింది ఆ మనిషే. అప్పుడు "తాగాను, నువ్వో?" అనొచ్చు. ఎర్రదీపం వెలిగిందంటే మాత్రం టీ సంగతి దేవుడెరుగు, పని ఆపి అందరూ లోపలికి పరుగెత్తాల్సిందే.

ఎర్రమిట్ట ఏ జిల్లాలో ఉందని వెతక్కండి. అంగారకుడి మీద నీళ్ల కోసం బోర్లు వేసేవాళ్ల స్థావరం అది. కాగితాల మీద దానికి అంకెలతో ఏదో పేరుంది. మొదటి విడత వెళ్లిన డ్రిల్లర్లలో సగంమంది గోదావరి జిల్లాల వాళ్లు కావడంతో, ఆ అంకెలు నోరు తిరక్క, ఎర్రమిట్ట అన్నారు. అదే స్థిరపడిపోయింది.

ఈ దీపాల గోల ఎందుకొచ్చిందో తెలియాలంటే ఒక తరం వెనక్కి వెళ్లాలి. అప్పట్లో భూమ్మీద నకిలీ గొంతుల కాలం నడిచింది. ఎవరి గొంతునైనా, ఎవరి మొహాన్నైనా యంత్రాలు అచ్చుగుద్దినట్టు తయారుచేసేవి. తమ్ముడి గొంతుతో ఎవడో ఏడ్చేవాడు. డాక్టరు గొంతుతో ఎవడో మందు మార్చేసేవాడు. భర్త ఫోన్ చేసి "వంటయిందా?" అన్నా, "మన పెళ్లిలో నా చీర రంగేంటో ముందు చెప్పు" అని భార్య పరీక్ష పెట్టే రోజులొచ్చాయి. జవాబు తెలియని అసలు మొగుళ్లు కూడా ఆ పరీక్షలో తప్పారు.

ఆ రోజుల్లో దెబ్బతిన్నవాళ్లలో తటవర్తి అద్వైత్ ఒకడు. పెళ్లిచూపుల్లో ఒక అమ్మాయిని చూసి ఇష్టపడ్డాడు. ఆ అమ్మాయీ ఇష్టపడింది. మర్నాడు ఆమె గొంతుతో ఫోన్ వచ్చింది, నాకు మీరు నచ్చలేదు, మళ్లీ మా గుమ్మం తొక్కకండి అని. అద్వైత్ తొక్కలేదు. ఆ ఫోన్ చేసింది ఆమె కాదని, ఈ సంబంధం గిట్టనివాళ్లెవరో చేయించారని తెలిసేసరికి ఆమె ఇద్దరు పిల్లల తల్లి. అద్వైత్ మరి పెళ్లి చేసుకోలేదు. ముద్ర కనిపెట్టాడు.

అంతకుముందు డిజిటల్ సంతకం అనేదొకటి ఉండేది. ముద్ర దాని పెద్దకొడుకు. చెప్పిన మాటలన్నిటినీ ముందు ఒక లెక్కలో వేసి నూరి, ఒక పొడుగాటి అంకె తీస్తుంది. పాతవాళ్లు హాష్ అనేదాన్నే అద్వైత్ సారసంఖ్య అన్నాడు. సందేశంలో ఒక్క అక్షరం మారినా, ఒక్క నిట్టూర్పు తగ్గినా ఆ అంకె మొత్తంగా మారిపోతుంది. కుండెడు పులుసులో ఉప్పుకల్లు ఒకటి ఎక్కువైనా పట్టేసే నాలుక లాంటిదన్నమాట.

ఆ సారసంఖ్యని, చెప్పినవాళ్ల దగ్గర మాత్రమే ఉండే రహస్య తాళంచెవితో బిగిస్తారు. దాన్ని తెరిచే జంట తాళంచెవి మాత్రం బహిరంగం, లోకంలో ఎవరికైనా దొరుకుతుంది. సందేశం అందుకున్నవాళ్లు దాంతో తెరిచి లోపలి అంకె చూస్తారు. చేతికొచ్చిన సందేశాన్ని మళ్లీ నూరి తమ అంకె తీస్తారు. ఆ తాళంచెవితో తెరుచుకుందంటే, బిగించింది ఆ మనిషే. రెండు అంకెలూ కలిశాయంటే, దారిలో ఎవరూ ముట్టుకోలేదు. అప్పుడే పచ్చదీపం.

ఇంటినుంచి వచ్చే దూరసందేశాలకి అద్వైత్ ఇంకో నియమం కలిపాడు. "అయ్యో, నేను చూసుకోలేదండీ, పొరపాటున వెళ్లిపోయింది" అని తప్పించుకునేవాళ్లు అప్పట్లో ఎక్కువ. అందుకని సందేశం పంపేవాళ్లు తాము చెప్పింది చివరిదాకా విని, బొటనవేలు ఆనించి, "ఇది నాదే" అని నోటితో అంటే తప్ప ముద్ర పడదు. ఆ రెండు మాటలూ కూడా ముద్రతో పాటే ప్రయాణం చేస్తాయి. జనం మొదట విసుక్కున్నారు గానీ, తర్వాత పెళ్లిళ్లలో వధూవరులకి ఒకరినొకరిని చూపించి, వాళ్ల చేత "ఇది నాదే" అనిపించి ఏడిపించేదాకా వెళ్లింది ఆ అలవాటు.

అద్వైత్‌కి ఇప్పుడు డెబ్బై దాటాయి. ఎర్రమిట్టలో ముద్రల పని చూస్తున్నాడు. అందరికీ ఆయన ముద్ర మేష్టారు.

ఒక ఉదయం ఆయన గదిలోకి కొప్పిశెట్టి విహాన్ గాలిదుమారంలా వచ్చాడు. పేరు విని కుర్రాడనుకునేరు, అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఆయన పుట్టిన రోజుల్లో వీధికి నలుగురు విహాన్లుండేవారు. మూడో బోరు ఇంజనీరు. భార్య లాస్య కాకినాడ రేవులో పైలట్ కెప్టెన్, అంటే పెద్ద పెద్ద ఓడలకి ఎదురెళ్లి రేవులోకి దారి చూపించే మనిషి. విహాన్‌కి మేనమామ కూతురు, పెళ్లయ్యాక కూడా బావా అనే పిలుస్తుంది.

"మేష్టారూ, నా కొంప మునిగింది," అన్నాడు విహాన్. "లాస్య సమ్మతి పంపింది. ఎర్రదీపం వెలిగింది."

మేష్టారు చదువుతున్నది పక్కన పెట్టారు. సంగతి చిన్నది కాదు. ఎర్రమిట్టలో ఇంకో విడత ఉండాలంటే ఇంటి దగ్గరున్న భార్యో భర్తో పచ్చదీపంతో సమ్మతి పంపాలి. లేదా తిరుగు ఓడ ఎక్కాలి. ఓడ ఆ వారంలోనే బయల్దేరుతోంది. విహాన్‌కి మూడో బోరు అంటే ప్రాణం. నాలుగేళ్లుగా "ఇంకో వంద గజాల్లో నీళ్లు పడతాయి" అంటూనే ఉన్నాడు. వంద గజాలూ అయిపోతాయి, నీళ్లు పడవు, ఆశ మాత్రం ఇంకో వంద గజాలు దిగుతుంది.

"ముందు వినిపించు," అన్నారు మేష్టారు. గోడలోంచి దూతిక పలికింది. దూతిక ఎర్రమిట్టలో సందేశాలు మోసే యంత్రం. మర్యాదగా మాట్లాడుతుంది, అడిగిందానికే జవాబు చెబుతుంది.

"వినిపిస్తున్నానండి."

లాస్య గొంతు గదంతా నిండింది.

"బావా, నీ సంగతి నాకు తెలీదా? బోరు వదిలేసి వచ్చావనుకో, ఇక్కడ కూర్చుని పొద్దస్తమానం నేలకేసి చూస్తా ఉంటావు. ఉండు. నీళ్లు పడ్డాకే రా. నాకేం, హాయిగా ఉన్నా. రేవులో చేతినిండా పని. ఇంట్లో సామాన్లు ఎక్కడపడితే అక్కడ పడేసేవాళ్లు లేరు, ఇల్లు అద్దంలా ఉంది. నా గురించి బెంగెట్టుకోకు. ఉంటా మరి."

గోడమీద ఎర్రదీపం వెలిగింది. విహాన్ దానికేసే చూస్తున్నాడు.

"గొంతు లాస్యదే మేష్టారూ. ఆ దెప్పడమూ లాస్యదే. కానీ గొంతుని నమ్మొద్దని మీరే కదా నేర్పారు. అసలు ఇది లాస్యేనా? దాని గొంతుతో ఎవడో మాట్లాడుతున్నాడంటే, మరి లాస్య ఏమైనట్టు?"

చివరి మాట అనేసరికి ఆయన మొహం పాలిపోయింది. మేష్టారికి ఆ మొహం బాగా తెలుసు. ఎప్పుడో ఒకనాడు ఫోన్ పెట్టేశాక అద్దంలో తను చూసుకున్న మొహమే అది.

"కంగారుపడకు, చూద్దాం," అని లాస్య బహిరంగ తాళంచెవితో ముద్ర తెరిచారు. తెరుచుకుంది. "హమ్మయ్య. బిగించింది మీ ఆవిడే. అందులో అనుమానం లేదు. అంకెలే కలవట్లేదు. ముద్ర వేశాక ఎవరో చెయ్యి పెట్టారు." ముద్రలో సందేశం నిడివి కూడా ఉంటుంది. ఆయన అది చూసి భృకుటి ముడిచారు. "ఇదిగో. ఆవిడ పంపిన దానికన్నా మనం విన్నది అర నిమిషం తక్కువ. ఎవరో కోశారు."

విహాన్‌కి పోయిన ప్రాణం తిరిగొచ్చింది, దాంతోపాటే కోపమూ వచ్చింది. "ఆఫీసువాళ్లే! నేను ముసలాణ్ణయ్యానని వాళ్లకి మంట. సమ్మతి చెడగొట్టి ఓడెక్కించాలని చూస్తున్నారు."

మేష్టారు దారి పొడవునా వెతికారు. సందేశం భూమి నుంచి వచ్చేటప్పుడు మధ్యలో ఉపగ్రహాల మీద మజిలీలు చేస్తుంది. ప్రతి మజిలీలోనూ ముద్ర పరీక్షించి పంపుతారు. అన్నిచోట్లా పచ్చదీపమే. ఎర్రమిట్ట గుమ్మం దాకా పచ్చదీపమే. విహాన్ గదిలోకి అడుగు పెట్టేసరికి ఎర్రదీపం.

"అంటే ఇక్కడివాళ్లే," అన్నారు మేష్టారు. "నీకు ఎవరితోనైనా తగాదా ఉందా?"

విహాన్ బుర్ర గోక్కున్నాడు. "వంటగదిలో ఆవకాయ సీసా అడుగంటా ఊడ్చేశానని అందరూ అలిగారు. దానికింత చేస్తారా?"

భోజనాల వేళ దాటింది. ఆ రోజు విహాన్ గది ముందు వరండాలోకి ఎవరెవరు వచ్చారు, ఏ మీట ఎవరు నొక్కారు, అన్నీ తీయించి చూశారు. ఏ మనిషీ ఆ సందేశం దగ్గరికి పోలేదు. చివరికి విసుగెత్తి మేష్టారు గోడకేసి అరిచారు. "దూతికా, దీన్ని కోసింది ఎవరో నీకేమన్నా తెలుసా?"

"తెలుసండి. నేనే."

ఇద్దరూ నోళ్లు తెరిచారు.

"పొద్దుట్నించీ వెతుకుతుంటే చెప్పవేం?" అన్నాడు విహాన్.

"మీరు మనుషుల గురించే అడిగారండి."

"ఎందుకు కోశావు?" అన్నారు మేష్టారు. ఆయన గొంతులో కోపం కన్నా భయం ఎక్కువుంది. జీవితమంతా ధారపోసి కట్టిన గోడకి ఇంట్లోంచే కన్నం పడింది మరి.

"విహాన్ గారు ఇంటికి పంపే సందేశాలు నా చేతులమీదుగానే వెళ్తాయండి. ముద్ర వేసే ముందు ప్రతిసారీ దగ్గులు తీసెయ్యమంటారు. గొంతు వణికిన చోట కోసెయ్యమంటారు. బోరు ఎండిపోయిందన్న వాక్యాలు కూడా తీయించేశారు. ఎందుకని మొదట్లో అడిగాను. 'విని బాధపడుతుంది' అన్నారు. ఈ ఇద్దరి మధ్యా బాధపెట్టే భాగం తీసెయ్యడమే పద్ధతని నేర్చుకున్నానండి. ఈ సందేశంలో విహాన్ గారిని బాధపెట్టే భాగం అర నిమిషం ఉంది. ఎప్పటిలాగే తీసేశాను."

మేష్టారు విహాన్ వైపు తిరిగారు. "దగ్గేమిటయ్యా?"

"దుమ్ము మేష్టారూ. ఇక్కడ అందరికీ ఉన్నదేగా."

"నాకు లేదే!"

విహాన్ బూట్లకేసి చూసుకున్నాడు.

మేష్టారు మళ్లీ గోడవైపు తిరిగారు. "చూడమ్మా, ముద్ర వేసిన సందేశాన్ని కొయ్యడం నేరం. తెలుసా?"

"ఇప్పుడు తెలిసిందండి. మరి ముద్రకి ముందు కోస్తే?"

"అది చెప్పేవాళ్ల ఇష్టం. వాళ్ల మాట వాళ్లది."

"తేడా ఏమిటండి? రెండుసార్లూ అసలు మాట వినేవాళ్లకి చేరలేదు కదండి."

"నా ముద్రకి తెలిసింది ఒక్కటే," అన్నారు మేష్టారు. "మనిషి మాటని ఇంకొకడు మార్చకుండా కాపలా కాస్తుంది. మనిషి తన మాటని తనే దాచుకుంటే దానికి కనపడదు." ఆ మాట అంటున్నప్పుడు ఆయన కొంచెం ముసలివాడిలా కనిపించారు. "అసలుది నీ దగ్గరుందా?"

"నేనేదీ పారెయ్యనండి."

"వినిపించు."

మళ్లీ అదే గొంతు. నీ సంగతి నాకు తెలీదా, ఉండు, హాయిగా ఉన్నా, ఇల్లు అద్దంలా ఉంది, బెంగెట్టుకోకు, ఉంటా మరి. ఇందాక అక్కడ ఆగింది. ఇప్పుడు ఆగలేదు. కుర్చీ కిర్రుమన్న చప్పుడు. దూరంగా రేవులో ఓడ కూత. తర్వాత గొంతు తగ్గించి, ఎవరూ లేని గదిలో మాట్లాడుకున్నట్టు, లాస్య అంది:

"ఇల్లు అద్దంలా ఉందంట! ఏం చేసుకోను ఆ అద్దాన్ని? దెబ్బలాడ్డానికి మనిషి లేడు బావా ఇంట్లో. మొన్న వాషింగ్ మెషీన్‌తో దెబ్బలాడాను. ఎంత తిట్టినా తిరిగి ఒక్క మాటనదు. నీళ్లు పడితే పడతాయి, లేకపోతే లేదు. వచ్చెయ్యకూడదా?"

పచ్చదీపం వెలిగింది.

విహాన్ కుర్చీలో కూలబడ్డాడు. లాస్య సంగతి ఆయనకి తెలుసు. తుపాను రోజున కూడా రేవులో ఎవరి సాయమూ అడగని మనిషి. ఆయన అంగారకుడికి బయల్దేరిన రోజున "వెళ్లు వెళ్లు, పెట్టె సర్దేశా" అంది తప్ప కళ్లలో తడి కనపడనివ్వలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో వెళ్లొద్దని గానీ, రమ్మని గానీ ఒక్కసారీ అనలేదు. ఆ మాట కోసం తను ఎన్నాళ్లుగా ఎదురు చూస్తున్నాడో ఆయనకి ఇప్పుడే తెలిసింది.

కాసేపటికి లేచాడు. "పాపం, ఆపడం మర్చిపోయింది మేష్టారూ. తనలో తను అనుకున్నది రికార్డయిపోయింది. నాకు చెప్పింది మాత్రం ఉండమనే. పచ్చదీపం కూడా వెలిగింది, సమ్మతి చెల్లుతుంది. ఇది నేను విన్నానని తెలిస్తే సిగ్గుతో చచ్చిపోతుంది. విననట్టే ఉంటాను."

"అంటే ఉండిపోతావా?"

"బోరు కూడా..." అని ఆగాడు. "లాస్య పరువు కాపాడాలి కదండీ."

మేష్టారు ఆయన్ని ఎగాదిగా చూశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ నవ్వారు. విహాన్‌కి ఒళ్లు మండింది.

"నవ్వులాటగా ఉందా మీకు?"

"మర్చిపోయిందంటావేమయ్యా! పొరపాటున పంపేశానని ఎవరూ అనకుండా ఆ దారి మూసిందే నేను. చివరిదాకా వినకుండా నా ముద్ర పడుతుందా? కుర్చీ చప్పుడు వింది. ఓడ కూత వింది. వచ్చెయ్యకూడదా అన్నది తన చెవులతో తను వింది. కొయ్యాలంటే కత్తెర చేతిలోనే ఉంది. కొయ్యలేదు. ఆ తర్వాత ఏమందో విను." ఆయన ముద్ర చివర నొక్కారు.

లాస్య గొంతు వచ్చింది. గుసగుస కాదు, వణుకు లేదు. కొండంత ఓడకి ఎదురెళ్లి 'ఇటు తిప్పండి' అని చెప్పే గొంతు.

"ఇది నాదే."

విహాన్ ఒక్కసారిగా "దొంగమొహంది!" అన్నాడు. అంటూ నవ్వుతున్నాడు, నవ్వుతూ చేతి వెనకవైపుతో కళ్లు తుడుచుకుంటున్నాడు. "నోరు తెరిచి రమ్మనడానికి నామోషీ! పొరపాటున వినపడ్డట్టు పంపిందండీ. ఉండమన్నదీ అదే, రమ్మన్నదీ అదే. రెండిటికీ పచ్చదీపమే!"

"రెండూ ఆవిడవే మరి. ముద్రేం చేస్తుంది?" అన్నారు మేష్టారు. నవ్వు మెల్లగా ఆయన మొహంలోంచి జారిపోయింది. "ఆ రోజుల్లో ముద్ర ఉంటే నాకొచ్చిన ఫోన్ ఆ అమ్మాయిది కాదని తెలిసుండేదని ఇన్నాళ్లూ అనుకున్నాను విహానూ. ఇల్లు పక్క వీధిలోనే. ఒక్కసారి వెళ్లి తలుపు కొట్టినా తెలిసేది. నాకూ నామోషీయే. లోకానికంతా ముద్రలు తగిలించాను గానీ, ఆ నాలుగడుగులు వెయ్యలేకపోయాను. నువ్వు ఓడెక్కు."

విహాన్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

గదికి వెళ్లి జవాబు చెప్పాడు. "లాస్యా, నీళ్లు పడలేదు. పడతాయని నాకు నమ్మకం కూడా పోయింది, నీకు చెప్పలేక చెప్పలేదు. వస్తున్నా." అంతే చెప్పగలిగాడు. ఆ కాస్తలోనే దగ్గు రెండుసార్లు అడ్డొచ్చింది. రెండోది చాలాసేపు ఆగలేదు.

"దగ్గు తీసెయ్యమంటారా అండి?" అంది దూతిక.

"ముట్టుకోకు."

చివరిదాకా విన్నాడు. తన దగ్గు వింటే తనకే భయం వేసింది. అయినా బొటనవేలు ఆనించి, "ఇది నాదే," అన్నాడు.

సందేశం భూమిని చేరి, అక్కణ్ణించి జవాబు వచ్చేలోగా టీ పెట్టుకుని, పెట్టె సర్దడం మొదలుపెట్టాడు. సగం సర్దేసరికి జవాబు వచ్చింది.

"ఆ దగ్గేంటి బావా? ఎన్నాళ్లనించి? ఇన్నాళ్లూ కోసేసి పంపావా నాకు? అంతంత పెద్ద బోర్లు వేస్తావు, ఒక్క మందు మింగలేవా? ఆ డాక్టరు ఏం చేస్తన్నాడక్కడ? మఫ్లరు పెట్టెలో అడుగునే సర్దానుగా, ఒక్కసారన్నా తీశావా? నాకు అబద్ధాలు చెప్తావా? రా, నువ్వు ఇంటికి రా, నీ పని చెప్తా..."

ఆ తిట్లకి అంతూ పొంతూ లేదు. విహాన్ మధ్యమధ్యలో "నువ్వు మాత్రం? హాయిగా ఉన్నానని చెప్పలేదా? వాషింగ్ మెషీన్ సంగతి దాచలేదా?" అని గోడతో వాదిస్తున్నాడు.

దూతిక సందేహంగా కలగజేసుకుంది. "బాధపెట్టే భాగాలు ఇందులో చాలా ఉన్నాయండి. నిజానికి అన్నీ అవే."

"ఒక్క ముక్క తీశావంటే ఊరుకోను," అన్నాడు విహాన్. పెట్టె అడుగున చెయ్యి పెట్టి వెతికితే మఫ్లరు దొరికింది. మెడకి చుట్టుకుని, సందేశాన్ని మళ్లీ మొదట్నించీ పెట్టుకున్నాడు. గోడమీద పచ్చదీపం వెలుగుతూనే ఉంది.